కంటికి నీలం, దీపానికి పచ్చ

మా ఇంట్లో దేవుడి గూటి పక్కన ఒక గాజుబిళ్ల ఉంటుంది. అరచేతికంటే కాస్త పెద్దది, గుండ్రంగా ఉంటుంది, ఒక అంచు చితికింది. పగటి వెలుతురులో చూస్తే నీలం. ఇంటికొచ్చినవాళ్లు పాత చర్చి కిటికీదో, ఏ జమీందారు దీపానిదో అనుకుంటారు. అది రైల్వే సిగ్నల్ గాజు. పచ్చ లైటుది.

"పచ్చ లైటుకి నీలం గాజేమిటి?" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. ఏడేళ్లప్పుడు నేనూ నాయన్ని అదే అడిగాను. నాయన నోటితో ఏమీ చెప్పలేదు. దీపం వెలిగించి, గాజు తీసుకొచ్చి మంట ముందు పట్టాడు. కిరసనాయిలు మంట పసుపు. ఆ పసుపు నీలంలోంచి బయటికొచ్చేసరికి, లేత వరిమడి రంగులో పచ్చగా గోడ మీద పడింది. "పగలు చూసేవాళ్ల కోసం కాదు పాపా ఇది, రాత్రి డ్రైవరు కోసం" అన్నాడు. అంతే. ఆ గోడ మీది పచ్చదనం నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది.

నాయన మీటర్ గేజ్ కాలంలో పాయింట్స్‌మన్, అంటే స్టేషన్‌లో బండ్లకి పట్టాలు మార్చే, సిగ్నల్ దీపాలు చూసుకునే పనివాడు. దొనకొండకూ గిద్దలూరుకూ మధ్య, పడమటి వైపు నల్లమల కొండలు బొగ్గుతో గీత గీసినట్టు కనిపించే చోట, ఒక చిన్న స్టేషన్‌లో పనిచేశాడు. స్టేషన్ పేరు రాయను, ఆ లైను మనుషులు ఇట్టే పోల్చుకుంటారు. రాతి కట్టడం. రెండు గదులు, ముందు వసారా, పైన మంగళూరు పెంకు. ఒక గదిలో మాస్టరు గారు, టికెట్ల కిటికీ. రెండోది దీపాల గది. నూనె డబ్బాలు, ఒత్తుల కట్టలు, ఎర్ర జెండా పచ్చ జెండా, పలుగులు అన్నీ అందులోనే. ఆ గదిలోకి అడుగుపెడితే కిరసనాయిలు వాసన, తడి రాతి వాసన కలిసి కొట్టేవి. స్టేషన్ వెనక మూడు క్వార్టర్లు, చివరిది మాది. ఊరు అక్కడికి మైలు దూరం. కాబట్టి నా చిన్నతనంలో ఊరంటే ప్లాట్‌ఫారమే.

సాయంత్రం పొద్దు వాలకముందే నాయన దీపాలు దించి తెచ్చుకుని మెట్ల మీద కూర్చునేవాడు. బుడ్డి గాజులు పాతగుడ్డతో తుడిచేవాడు. ఆ తర్వాత ఒత్తి. ఒత్తిని చిన్న కత్తెరతో కత్తిరించేటప్పుడు మేం మాట్లాడకూడదు. రెండు మూలలూ కొద్దిగా గుండ్రంగా తీయాలి. మూలలు అలాగే వదిలేస్తే మంట రెండు కొమ్ములుగా లేచి గాజుకి మసి పడుతుంది. మసి పట్టిన దీపం అర్ధరాత్రికి ఆరిపోయినట్టే లెక్క. నూనె పోసి, దీపాలు రెండు చేతులా పట్టుకుని పట్టాల పక్కనే నడిచిపోయేవాడు. హోమ్ సిగ్నల్ దగ్గరే, ఔటర్ మాత్రం చాలా దూరం. ఇనప నిచ్చెన ఎక్కి దీపం కొక్కేనికి తగిలించి దిగేవాడు. ఆ సిగ్నల్ స్తంభాన్ని పెద్దవాళ్లు కైమరం అనేవాళ్లు. రెక్క అడ్డంగా ఉంటే ఆగాలి, కిందికి వాలితే రావచ్చు. "కైమరం వాలింది, లెయ్యండి లెయ్యండి" అనగానే వేపచెట్టు కింద కూర్చున్న జనమంతా మూటలు సర్దుకునేవాళ్లు.

దీపానికి వెనకవైపు, అంటే స్టేషన్ వైపు, చిన్న రంధ్రం ఉండేది. రాత్రి ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తే దూరంగా చీకట్లో ఒక తెల్ల చుక్క. ఆ చుక్క కనపడితే దీపం వెలుగుతోందని, రెక్క ఆగమని చెబుతోందని అర్థం. రెక్క వాలితే ఒక ఇనప బిళ్ల వచ్చి ఆ చుక్కని మూసేస్తుంది. మాస్టరు గారు నిద్రకి ముందొకసారి, నాయన నాలుగైదుసార్లు బయటికొచ్చి ఆ చుక్కని చూసుకునేవాళ్లు. నేనూ చూసేదాన్ని. పిల్లలు నక్షత్రాలు లెక్కబెట్టే వయసులో నేను రెండు వైపులా రెండేసి చుక్కలు లెక్కబెట్టుకుని పడుకున్నాను.

ఒక తుపాను రాత్రి ఒక చుక్క కనిపించలేదు. వాన గోడలా కురుస్తోంది, ఔటర్ దీపం ఆరిపోయింది. రావాల్సిన బండి ఔటర్ అవతలే ఆగి కూతపెట్టింది. ఒకటి, ఇంకొకటి. నాయన గోనెపట్ట కప్పుకుని, చేతిదీపం కడుపుకి అదుముకుని, ఆ వానలో పరుగెత్తాడు. అమ్మ గడపలో నిలబడే ఉంది. నేను అమ్మ కొంగు పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాను. బండి వచ్చాక, నాయన కూడా వచ్చాక, ఎందుకు ఆగిందని అడిగాను. దీపం లేని సిగ్నల్ కనపడితే డ్రైవరు దాన్ని ఎర్రదీపంగానే లెక్క వేసుకోవాలట. అది నియమం. తడి బట్టలు పిండుకుంటూ నాయన ఇంకోటి కూడా చెప్పాడు. సిగ్నల్ తీగ మధ్యలో ఎక్కడైనా తెగిపోతే రెక్క తనంతట తాను పైకి లేచి అడ్డంగా నిలబడిపోతుంది. అలా బరువు కట్టి పెట్టారు. "చెడిపోయినా ఆపే వైపే చెడిపోవాల పాపా" అన్నాడు. నేను ఆ తర్వాత చాలా చదివాను, చాలా మంది దగ్గర నేర్చుకున్నాను. యంత్రాన్ని ఇంత దయగా ఆలోచించి తయారు చేయొచ్చని చెప్పిన మొదటి మనిషి మా నాయన. చదివింది ఐదో తరగతి.

టోకెన్ సంగతి కూడా చెప్పాలి. సింగిల్ లైను. ఒకే పట్టా మీద ఎదురెదురు బండ్లు తిరగాలి, ఒకదాన్నొకటి గుద్దుకోకూడదు. అందుకని పక్కపక్క స్టేషన్లలో ఒక్కో ఇనప మిషన్ ఉండేది. నీల్స్ టోకెన్ మిషన్ అంటారు. రెంటికీ మధ్య కరెంటు తీగ. ఇవతలి మాస్టరు గంట కొట్టి అడగాలి, అవతలి మాస్టరు తన మిషన్ తిప్పి ఒప్పుకోవాలి, అప్పుడే ఇవతల ఒక ఉక్కు గుండు చేతిలోకి జారుతుంది. అది డ్రైవరు చేతికి అందితేనే బండి కదలాలి. ఆ గుండు బయట ఉన్నంతసేపు రెండో గుండు ఏ మిషన్‌లోంచీ రాదు. గుండు మీద రెండు స్టేషన్ల పేర్లు చెక్కి ఉండేవి. నేను చాలాసార్లు పట్టుకున్నాను. చల్లగా, చిన్న దానిమ్మకాయంత బరువుగా.

ఆగే బండికైతే గుండు చేతికిచ్చేస్తే సరిపోతుంది. రాత్రి ఎక్స్‌ప్రెస్ మా దగ్గర ఆగదు. పేము రింగుకి తోలు సంచి, సంచిలో గుండు. నాయన ప్లాట్‌ఫారం అంచున నిలబడి రింగు ఎత్తి పట్టుకునేవాడు, పక్కన కాగడా మండుతూ ఉండేది. ఇంజన్ మీదికి వచ్చేస్తుంటే ఫైర్‌మన్ ఒంగి చెయ్యి చాచి, మోచేతితో రింగు లాక్కుపోయేవాడు. అదే క్షణంలో వెనకటి స్టేషన్ రింగు కిందికి విసిరేసేవాడు. అంతా కనురెప్పపాటు. వేడి గాలి, నిప్పురవ్వలు, ఆ తర్వాత గార్డు పెట్టె ఎర్రదీపం చిన్నదైపోతూ. నాయన అప్పటికే పడిన రింగు వెతుకుతూ ఉండేవాడు. దాన్ని మిషన్‌లో వేసేదాకా వెనక లైను మూసి ఉన్నట్టే మరి. ఆయన కుడి మోచెయ్యి ఈనాటికీ పూర్తిగా చాచుకోదు. ఒకసారి రింగు తగులుకుని లాగేసింది. ఆ సంగతి అడిగితే "బండి ఆగలా కదా" అంటాడు.

మాకు ఈ లైను ఎలా వచ్చిందో అవ్వ చెప్పేది. కథలాగా చెప్పేది, నేను కథే అనుకున్నాను. వాళ్ల అవ్వ కాలంలో ధాత కరువు వచ్చిందట. జనం కలబంద దుంపలు, చింతగింజలు తిన్నారట. పుస్తకాలు చదివాక తెలిసింది, అవ్వ చెప్పింది చరిత్రేనని. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో వచ్చిన మహా కరువు అది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్ని ఊడ్చేసింది. లక్షల మంది పోయారు. కంభం, మార్కాపురం తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలోనే ఉండేవి, 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం) వచ్చాకే అందులో కలిశాయి. ఒకచోట గింజలున్నా ఇంకో చోటికి చేర్చే దారి లేదు. బండెద్దులకే మేత లేదు, ఇక బండి ఎలా కదులుతుంది? 1880లో కరువు కమిషన్ కరువు సీమలకి రైలు వెయ్యాలని గట్టిగా చెప్పింది. 1882లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ పుట్టింది. గుంతకల్లు నుంచి నల్లమల దాటి కృష్ణ దాకా మీటర్ గేజ్ పట్టాల మీద బండ్లు నడిపింది వాళ్లే. 1908లో మద్రాసు రైల్వేతో కలిసి అది ఎం.ఎస్.ఎం. అయింది. మా అవ్వ చివరిదాకా "ఎమ్మెస్సెమ్ము రైలు" అనే అంది.

అందుకే స్టేషన్ అంటే మా ఇళ్లల్లో ప్రయాణం గుర్తుకి రావడానికి ముందు గింజలు గుర్తుకొచ్చేవి. అవ్వ స్టేషన్ దాటి పొలం వెళ్లేటప్పుడు గోడకి చెయ్యి తాకించి కళ్లకద్దుకునేది. గుడికి చేసినట్టే. వారసత్వం అనే మాట ఆవిడకి తెలీదు. ఆ కట్టడం విలువ గురించి నాకు తెలిసినదంతా ఆ చెయ్యి తాకించడంలోనే ఉంది.

పగటి పాసింజరు వచ్చే వేళ స్టేషన్‌కి ఒక్కసారిగా ప్రాణమొచ్చేది. అవతలి స్టేషన్ నుంచి బండి బయలుదేరిందని తెలియగానే నాయన వసారాలో వేలాడదీసిన పట్టా ముక్కని ఇనప కడ్డీతో కొట్టేవాడు. ఆ ఖంగుమనే మోత మైలు దూరం ఊళ్లోకి వినిపించేది. టికెట్ల కిటికీ తెరుచుకునేది. అట్ట టికెట్లు, బొటనవేలంత వెడల్పు. మాస్టరు గారు అరల్లోంచి ఒకటి లాగి, తేదీ మిషన్‌లో ఠక్కున గుద్ది ఇచ్చేవారు. పిల్లల టికెట్టైతే ఒక మూల కత్తిరించేవారు. ఆ కత్తిరించిన మూలల కోసం నేను, మాస్టరు గారి అబ్బాయి కొట్టుకున్న రోజులున్నాయి. మార్కాపురం పలకల పెట్టెలు గూడ్సులో వెళ్లేవి. ఎక్కడెక్కడి పిల్లలో వాటి మీద అ ఆలు దిద్దుకుంటారని మాకు గర్వంగా ఉండేది. సీతాఫలాల రోజుల్లో అడవి వైపు నుంచి గంపలు దిగేవి, ప్లాట్‌ఫారమంతా తీపి వాసన. దొనకొండలో లోకో షెడ్డు ఉండేది కాబట్టి అక్కడి డ్రైవర్లు, ఫైర్‌మన్లు మాకు పేరుపేరునా తెలుసు. కూత విని నాయన ఇంజన్ మీద ఎవరున్నారో చెప్పేవాడు. నేను నమ్మకపోతే, బండి వచ్చాక చూసుకోమనేవాడు. తప్పు పోయిన రోజు నాకు గుర్తు లేదు.

1992లో దేశమంతా ఒకే గేజ్ చేసే పని మొదలైంది. ఆ పదేళ్లలోనే మా లైనూ మారింది. వెయ్యి మిల్లీమీటర్ల పట్టా పోయి 1676 మిల్లీమీటర్ల పట్టా వచ్చింది. బ్రాడ్ గేజ్ రావడం మాకు మేలే చేసింది, అందులో రెండో మాట లేదు. మారకుండా దూరం ఊళ్లకి పోగలిగాం, జబ్బు చేసినవాళ్లని గుంటూరు తీసుకెళ్లడం తేలికైంది. కానీ లైను మారినప్పుడు పట్టా ఒక్కటే మారలేదు. నల్లమల లోపల బొగడ దగ్గర కొత్త లైను వేరే దారి పట్టింది. 1884–87 మధ్య కట్టిన దొరబావి వంతెన ఆ తర్వాత బండి మొహం చూడలేదు. దొనకొండ షెడ్డు మూతపడి, రైల్వే కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని వేరే ఊళ్లకి వెళ్లిపోయాయి. మా స్టేషన్‌లో కైమరాలు కోసేశారు. దీపాల గదికి తాళం పడింది. పాత ఇనుము పోగుపెట్టిన చోట ఈ నీలం గాజు కనపడితే, అంచు చితికింది ఎవరికీ పనికిరాదని, మాస్టరు గారిని అడిగి నాయన ఇంటికి తెచ్చుకున్నాడు. రిటైరయ్యేటప్పుడు ఆయన తెచ్చుకున్న వస్తువు అదొక్కటే.

కొత్త బిల్డింగ్ కాస్త ఇవతల కట్టారు. పాతది అలాగే ఉండిపోయింది. ఈ మధ్య వెళ్లినప్పుడు చూశాను. పెంకు సగం జారిపోయింది. గోడలు మాత్రం గట్టిగా ఉన్నాయి. గానుగ సున్నంతో కట్టిన గోడలు అవి. ఎప్పుడో ఒక కాంట్రాక్టరు కింది భాగానికి సిమెంటు పూశాడు. అక్కడే గోడ చెడింది. సున్నం గోడ నేలలోని చెమ్మని పీల్చుకుని బయటికి వదులుతుంది, గోడ ఊపిరి పీల్చుకుంటుందంటారు మేస్త్రీలు. దాని మీద సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే ఉండిపోయి రాయిని, సున్నాన్ని పొరలు పొరలుగా ఊడదీస్తుంది. పూసినవాడు మంచికే పూసి ఉంటాడు. కానీ పాత కట్టడాలు ఎక్కువగా ఇలాంటి మంచి వల్లే పాడవుతున్నాయి. వాటికి సున్నమే వెయ్యాలి. సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీలు ఇంకా ఉన్నారు, వాళ్లు పోకముందే వేయించాలి.

నూరేళ్లు దాటింది కదా, ప్రభుత్వం కాపాడుతుందిలే అని చాలామంది అనుకుంటారు. అలా కాదు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కిందికి రావాలంటే నూరేళ్ల వయసుండటం సరిపోదు, రక్షిత కట్టడమని ప్రకటించాలి. డార్జిలింగ్ చిన్న రైలుకి 1999లో, నీలగిరి రైలుకి 2005లో యునెస్కో గుర్తింపు వచ్చింది, సంతోషమే. అవి చూడటానికి మనుషులు టికెట్ కొనుక్కుని వస్తారు. రెండు గదుల స్టేషన్‌ని చూడటానికి ఎవరొస్తారు? దాన్ని ఎరిగినవాళ్లే అడగాలి. ఇప్పుడు మా లైనులో దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లు అమృత్ భారత్ పథకంలో ఉన్నాయి. కొత్త హంగులు రావాలి, ముసలివాళ్లకి లిఫ్టులు, ఆడవాళ్లకి మంచి గదులు రావాలి. వాటి పక్కనే ఒక పాత గది, ఒక కైమరం, ఒక టోకెన్ మిషన్ నిలబెట్టినా చాలు. మిషన్‌ని అద్దాల పెట్టెలో పెట్టొద్దు. పిల్లలు గంట కొట్టి, అవతల ఇంకో పిల్ల ఒప్పుకుంటేనే గుండు జారేలా పెట్టాలి. ఒకళ్లు అడగడం, ఇంకొకళ్లు సరేననడం, ఆ తర్వాతే బండి కదలడం వాళ్ల చేతికి తెలియాలి. మా చిన్న స్టేషన్ గురించి ఊరివాళ్లం కలిసి ఒక అర్జీ రాశాం. నూట ముప్పై సంతకాలు, కొన్ని వేలిముద్రలు. అందులో మేం అడిగింది మూడే. పెంకు మళ్లీ కప్పించండి, సిమెంటు గీకించి సున్నం వేయించండి, ప్లాట్‌ఫారం కంచె స్తంభాలు పీకించొద్దు.

కంచె స్తంభాలెందుకంటే, అవి పాత పట్టా ముక్కలు. ఇప్పుడు మా లైనులో మిగిలిన మొదటి పట్టాలు అవే అనుకుంటాం. పట్టా నడుము మీద తయారుచేసిన కంపెనీ పేరు, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాలతో ఉంటాయి. మా వేపచెట్టు పక్కనున్న స్తంభం మీద కంపెనీ పేరు తుప్పులో కలిసిపోయింది. సంవత్సరంలో మొదటి మూడంకెలు మాత్రం వేలికి తగులుతాయి. ఒకటి, ఎనిమిది, ఎనిమిది. ఇంగ్లీషు అంకెలు నేను పలక మీద నేర్చుకోలేదు, ఆ స్తంభం మీద వేలితో నేర్చుకున్నాను. నాలుగో అంకె దగ్గరికి వచ్చేసరికి వేలు జారిపోయేది.

పోయిన సంక్రాంతికి నాయన్ని తీసుకుని వెళ్లాం. ఆయనకి ఎనభై దాటాయి, చూపు బాగా తగ్గింది. ప్లాట్‌ఫారం మీద నేను చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాడు. అడుగులు లెక్క ఉన్నట్టు నేరుగా దీపాల గది తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. తాళాన్ని ఒకసారి పట్టుకుని చూసి వదిలేశాడు. పొద్దు వాలుతోంది. ఔటర్ వైపు మొహం తిప్పి కాసేపు అలాగే ఉన్నాడు. నేనేమీ అడగలేదు.

మా అమ్మాయి ఈలోపు స్తంభం దగ్గర కూర్చుంది. నోట్‌బుక్‌లోంచి కాగితం చింపి, తుప్పు మీద పరిచి, పెన్సిల్‌ని పడుకోబెట్టి మెల్లగా రుద్దింది. ఒకటి వచ్చింది. ఎనిమిది, ఇంకో ఎనిమిది వచ్చాయి. నాలుగో దగ్గర గుండ్రంగా ఏదో మసకగా తేలింది.

"ఆరు తాతా" అంది.

నాయన వచ్చి వంగి, కాగితం పక్కకి జరిపించి, బొటనవేలు స్తంభం మీద పెట్టాడు. కిందికీ పైకీ రెండుసార్లు రుద్దాడు.

"ఎనిమిది" అన్నాడు.

ఇద్దరూ ఒప్పుకోలేదు. రెండో కాగితం చింపింది.